యూఎస్‌బీ పోర్టులను బల్ల అంచుకు తెచ్చుకునే పద్ధతి

కంప్యూటరు క్యాబినెట్‌ను బల్ల కింద గోడకు ఆనించి పెట్టిన ఇళ్లలో పెన్‌డ్రైవ్ పెట్టాలంటే మోకాళ్ల మీద వంగి వెనుక భాగాన్ని తడుముకోవలసిందే. అలా చూడకుండా గుచ్చినప్పుడు పోర్టు లోపలి నాలుక విరిగితే, వెనుక పోర్టులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి కనుక, మరమ్మతు అంత తేలిక కాదు. క్యాబినెట్‌ను అక్కడే ఉంచి, పోర్టులనే చేతికి అందే చోటికి తెచ్చుకోవడం మేలు.

కీబోర్డు, ప్రింటరు వంటి కదలని పరికరాలను వెనుక పోర్టులలోనే ఉండనివ్వండి. తరచుగా పెట్టి తీసేవాటికి ఒక హబ్, అంటే ఒక పోర్టును చాలా పోర్టులుగా విడదీసే చిన్న పెట్టె, చాలు. అయితే అది విడిగా అడాప్టర్ ఉన్నదే కావాలని గట్టిగా చెబుతాను. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 (పాత, నెమ్మదైన రకం) పోర్టు 500, 3.0 (దాని తర్వాతి, వేగవంతమైన రకం) పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇస్తుంది. అడాప్టర్ లేని హబ్‌కు ఎన్ని పరికరాలు తగిలించినా అన్నీ ఆ కొద్దిపాటి కరెంటునే పంచుకోవాలి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్‌డిస్క్ మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. అది అందకపోతే మధ్యలోనే ఆగిపోయి, కాపీ అవుతున్న ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. మన ఊళ్లలో కరెంటు కోతలు మామూలే కాబట్టి హబ్ అడాప్టర్‌ను కూడా యూపీఎస్‌కే కలపాలి.

కేబుల్ కొనే ముందు క్యాబినెట్ వెనుక నుంచి బల్ల కాలి వెంబడి అంచు వరకు ఒక దారం పట్టి, దాని పొడవుకు జానెడు కలుపుకోండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు, 3.0 కేబుల్ సుమారు 3 మీటర్లు మించకూడదు. ఎక్స్‌టెన్షన్ కేబుళ్లను ఒకదానికొకటి అతికించడం కన్నా తగినంత పొడవున్న ఒకే కేబుల్ నమ్మకమైనది.

హబ్‌ను బల్ల పలక అడుగున, మీరు ఎక్కువగా వాడే చేతివైపు, అంచుకు కాస్త లోపలగా పట్టి, కుర్చీ జరిపినప్పుడు మోకాలు తగలదని చూసుకున్నాకే బిగించాలి. ప్లగ్గును లాగిన ప్రతిసారీ హబ్ మీద బలం పడుతుంది. పైగా వేసవి వేడికి డబుల్ సైడ్ టేపు జిగురు మెత్తబడుతుంది కనుక పలక మందం కన్నా పొట్టి స్క్రూలు వాడటం మంచిది. కేబుల్‌ను బల్ల కాలికి కట్టేటప్పుడు వదులుగానే కట్టండి.

వైర్‌లెస్ మౌస్ రిసీవరును మాత్రం ఈ హబ్‌కు పెట్టకండి. యూఎస్‌బీ 3.0 నుంచి వెలువడే రేడియో రొద, చాలా మౌస్‌లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే ఉండటం వల్ల పాయింటరు తడబడవచ్చు. దానిని ఒక చిన్న 2.0 ఎక్స్‌టెన్షన్‌తో దూరంగా ఉంచితే సరిపోతుంది.

అంతా అమర్చాక పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగవంతమైన డిస్క్) నుంచి ఒక పెద్ద ఫైలును కాపీ చేసి చూడండి. వేగం సెకనుకు 40 మెగాబైట్ల దగ్గరే నిలిచిపోతే కనెక్షను యూఎస్‌బీ 2.0 వేగంతో నడుస్తోందని అర్థం. హబ్ కేబుల్‌ను వెనుక ఉన్న 3.0 పోర్టులో, చాలా బోర్డుల మీద నీలిరంగులో ఉండే దానిలో, పూర్తిగా లోపలికి నెట్టి మళ్లీ పరీక్షించండి.