బిజినెస్ లా పరీక్ష: చదివింది గుర్తున్నా మార్కులు రాకపోతే

బిజినెస్ లా జవాబు పత్రాలు దిద్దేవారికి కొత్త తప్పులు అరుదుగా కనిపిస్తాయి. పాతవే చేతిరాత మార్చుకుని వస్తుంటాయి. అందుకే తప్పును చూడగానే చదువులో లోపం ఎక్కడుందో చాలావరకు చెప్పేయవచ్చు. కింద మీ ఇబ్బంది ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం గురించే, ఎక్కువ మంది తడబడేది అందులోనే కాబట్టి.

సమస్య: నిర్వచనం అప్పజెప్పగలను, సందర్భం ఇచ్చి తేల్చమంటే కలం కదలదు

కారణం: నిర్వచనాన్ని పద్యంలా బట్టీ పట్టారు. చట్టంలో నిర్వచనమంటే కొన్ని షరతుల కట్ట. ఒక్కో షరతునూ విడదీసి పట్టుకోకపోతే అది ఎక్కడా అక్కరకు రాదు.

పరిష్కారం: ప్రతి నిర్వచనాన్నీ ప్రశ్నలుగా మార్చి రాసుకోండి. ఏ ఒప్పందం కాంట్రాక్టు అవుతుందో చెప్పే సెక్షన్ 10 తీసుకుందాం. ఒప్పందం కుదిరిందా? ఇద్దరికీ కాంట్రాక్టు చేసుకునే అర్హత ఉందా? సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందేనా? ప్రతిఫలం, ఉద్దేశం న్యాయసమ్మతమేనా? చట్టం దీన్ని చెల్లదని ప్రత్యేకంగా చెప్పిందా?

ఇప్పుడు ఒక సందర్భం. రాజు తన కంప్యూటర్ 20,000 రూపాయలకు అమ్ముతానన్నాడు. గోపి 18,000 ఇస్తానన్నాడు. రాజు కుదరదన్నాడు. మర్నాడు గోపి వచ్చి ‘సరే, 20,000కే తీసుకుంటాను’ అన్నాడు. కాంట్రాక్టు ఏర్పడిందా?

చాలామంది ఈ కథనే తమ మాటల్లో మళ్లీ రాసి, చివర ‘ఏర్పడింది’ అనో ‘ఏర్పడలేదు’ అనో ఒక మాట చేరుస్తారు. ప్రశ్నపత్రంలో ఉన్న కథకు మార్కులు రావు. ముందు వివాదం ఏమిటో ఒక వాక్యంలో చెప్పండి: 18,000 అన్న తర్వాత కూడా మొదటి ప్రతిపాదన బతికే ఉందా? తర్వాత సూత్రం: సెక్షన్ 7 ప్రకారం అంగీకారం షరతులు లేకుండా, సంపూర్ణంగా ఉండాలి. ఆ తర్వాత అన్వయం: గోపి ధర మార్చడంతో అది ఎదురు ప్రతిపాదన అయింది, రాజు మొదటి ప్రతిపాదన అక్కడితో ముగిసింది, కాబట్టి మర్నాడు గోపి ఒప్పుకోవడానికి ఎదురుగా ఏమీ మిగల్లేదు. చివరగా ఫలితం: కాంట్రాక్టు లేదు. 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ కేసు ఇదే, అక్కడ బేరం పొలం మీద. మార్కులన్నీ ఆ ‘కాబట్టి’ చుట్టూ ఉంటాయి.

సమస్య: చెల్లనిది, రద్దు చేయదగినది కలిసిపోతున్నాయి

కారణం: రెండింటినీ తేడాల పట్టికగా నేర్చుకున్నారు. పరీక్ష హాలులో పట్టికలోని ఎడమ వరుస కుడికి జరిగిపోతుంది.

పరిష్కారం: పట్టిక పక్కన పెట్టి ఒక్కటే అడగండి: ఈ ఒప్పందాన్ని ఉంచాలో తుంచాలో ఎంచుకునే హక్కు ఎవరికైనా ఉందా? ఒక పక్షానికి ఉంటే అది రద్దు చేయదగిన కాంట్రాక్టు. ఎవరికీ లేకుండా మొదటి నుంచీ ఉట్టిదే అయితే చెల్లని ఒప్పందం.

మైనరు ధర్మదాస్ ఘోష్ ఆస్తి తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు. 1903లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ ఆ తనఖా చెల్లనే చెల్లదంది. మైనరుకు ఇష్టమైతే ఉంచుకోవచ్చునని కూడా అనలేదు. ‘మైనరు కాంట్రాక్టును రద్దు చేసుకోవచ్చు’ అని రాసేవారు ప్రతి కట్టలోనూ ఉంటారు. అది తప్పు.

దీని పక్కన చికం అమ్మిరాజు వర్సెస్ చికం శేషమ్మ కేసు పెట్టి చూడండి. ఆత్మహత్య చేసుకుంటానని భర్త బెదిరించి, భార్య చేత, కొడుకు చేత తన సోదరుడి పేర ఆస్తి హక్కు వదులుకునే పత్రం రాయించాడు. అది బలవంతమేనని మద్రాసు హైకోర్టు తేల్చింది. సమ్మతి అయితే ఉంది, స్వేచ్ఛ లేదు. పత్రాన్ని కాదనే హక్కు బెదిరింపుకు లొంగిన వారిది, బెదిరించిన వారిది కాదు.

ఒక చిక్కు మిగిలింది. సమ్మతి స్వేచ్ఛగా లేకపోతే ప్రతిసారీ రద్దు చేయదగినదే అనుకుంటారు. ఒప్పందానికి ముఖ్యమైన విషయంలో ఇద్దరూ పొరబడితే సెక్షన్ 20 ప్రకారం అది చెల్లదు. ఒక్కరే పొరబడితే ఆ ఒక్క కారణంతో రద్దు కాదు. ఇక చెల్లనిదంతా నేరమూ కాదు. పందెం ఒప్పందం సెక్షన్ 30 కింద చెల్లదు, అంతమాత్రాన పందేల కోసం పెట్టుకున్న భాగస్వామ్యం చట్టవిరుద్ధం కాదని 1959లో ఘెరులాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సమస్య: తెలుగు మాట తెలిసిందే, అయినా జవాబు తప్పింది

కారణం: తెలిసిన మాట కావడమే ఇబ్బంది. ఇంట్లో ‘మోసం’ అంటే నష్టం కలిగించే ఏ పనైనా కావచ్చు. సెక్షన్ 17లో మోసానికి ఎదుటివారిని మోసగించాలన్న ఉద్దేశం కావాలి. నిజమని నమ్మి చెప్పిన అబద్ధం సెక్షన్ 18లోకి, తప్పుడు ప్రకటనలోకి వెళుతుంది. ‘ప్రతిఫలం’ కూడా అంతే. వాడుకలో అది చేసినవారికి దక్కేది. చట్టంలో మాట ఇచ్చిన వ్యక్తి కోరిక మీద ఎవరైనా చేసిన పని, లేదా మానుకున్న పని. ‘ఎవరైనా’ అన్నమాట గమనించండి. 1882 నాటి చిన్నయ్య వర్సెస్ రామయ్య కేసులో ఒక తల్లి కూతురికి ఆస్తి రాసిచ్చి, తన తోబుట్టువుకు ఏటా కొంత సొమ్ము ఇవ్వమంది. ఇస్తానని రాసిచ్చిన కూతురు తర్వాత మాట తప్పింది. ప్రతిఫలం తల్లి నుంచి వచ్చినా చాలునంటూ కోర్టు సొమ్ము ఇప్పించింది.

పరిష్కారం: ఇలాంటి మాటలు పది ఏరి, వాడుక అర్థం పక్కన చట్టం అర్థం రాసుకోండి. ఒక సాయంత్రం పని.

సమస్య: కవల భావనలు తారుమారవుతున్నాయి

పరిష్కారం: మనుషులను లెక్కపెట్టండి. నష్టపూర్తి ఒప్పందంలో (నీకు నష్టం వస్తే నేను భరిస్తాననే మాట) ఇద్దరు, హామీలో ముగ్గురు: అప్పిచ్చినవారు, అసలు రుణగ్రస్తుడు, జామీనుదారు. కేసులైతే జంటగా చదవండి. కార్లిల్‌కు 1893లో వంద పౌన్ల బహుమతి దక్కింది, 1913లో లాల్‌మన్ శుక్లాకు దక్కలేదు. ఆమె ‘మా మందు వాడినా జబ్బు చేస్తే బహుమతి ఇస్తాం’ అన్న కంపెనీ ప్రకటన చూసి మందు వాడింది, అతను బహుమతి సంగతి తెలియక ముందే తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతికిపెట్టాడు.

సమస్య: సెక్షన్ నంబర్లు నిలవడం లేదు

చట్టం కాంట్రాక్టు పుట్టుక నుంచి భంగం వరకు వరుసగా నడుస్తుంది, ఆ వరుసే పట్టుకోండి: ప్రతిపాదన, చెల్లుబాటు, నిర్వహణ, భంగం. పుస్తకంలో 75 తర్వాత ఏకంగా 124 వస్తే పేజీలు చిరిగాయనుకోవద్దు. నడుమ ఉన్న సెక్షన్లు 1930లో సరుకుల అమ్మకం చట్టంగా విడిపోయాయి. 238 తర్వాతివి 1932లో భాగస్వామ్య చట్టంగా వెళ్లాయి. నంబరు ఖాయంగా తెలియనప్పుడు ‘భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం’ అని రాసి ముందుకు సాగండి. నంబరు తప్పు వేస్తే దిద్దేవారి ఎర్ర కలం ముందు అక్కడే ఆగుతుంది.