గోదారి డెల్టాలో స్థలం కొంటున్నారా, ముందు ఆ నేల పేరు అడగండి

మా బాబాయి కోనసీమలో ఒక లేఅవుట్‌లో ఆరు సెంట్లు కొన్నాడండి. బోర్డు మీద పేరు చూస్తే పూలతోటే అనుకుంటాం, రోడ్లు వేసేశారు, కరెంటు స్తంభాలు పాతేశారు, వాస్తు చూసే ఆయన కూడా బ్రహ్మాండం అన్నాడు, తీరా ఇల్లు కట్టి గృహప్రవేశం అయ్యాక మొదటి వానలకే హాల్లో టైల్స్ సందుల్లోంచి చెమ్మ, పెరట్లో మోకాల్లోతు నీళ్లు. పక్క చేలో గట్టు చెక్కుకుంటున్న పెద్దాయన తాపీగా "గుంటచేలో కట్టుకుని నీళ్లొచ్చాయంటే ఎలాగండి బాబూ" అన్నాడు. ఆ నేలని గుంటచేను అంటారని ఊరందరికీ తెలుసు, కొన్నవాడికి తప్ప.

కాబట్టి మొదటి పని, సర్వే నంబరు పక్కన పెట్టి "దీన్ని ఇదివరకు ఏమనేవారండీ" అని అడగడం. అమ్మేవాడిని అడక్కండి, బ్రోకర్‌ని అసలే అడక్కండి. ఆ చేలో ఊడ్పులు ఊడ్చిన ఆడవాళ్లని, గేదెలు తోలుకెళ్లేవాళ్లని, కాలువ మీద తిరుగుతూ నీళ్లు చూసుకునే లస్కరుని అడగండి. అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, నంబరు, పేరు, విస్తీర్ణం ఉంటాయి గానీ నీళ్లు ఎటు లాగుతాయో ఉండదు, అది వీళ్ల నోట్లోనే ఉంటుంది.

పేరు తెలిశాక దాన్ని విప్పుకోవాలి. గుంట, మడుగు, పల్లం అని వినపడితే ఆగండి. దిబ్బ, తిప్ప, మెరక అంటే కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. పర్ర అంటే సముద్రం వైపు ఉప్పు తేలిన నేల, అక్కడ గోడలకి ఉప్పు పట్టి ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలుతుంది, బోరు వేస్తే ఉప్పు నీళ్లు రావచ్చు. ఇక లంక అంటే ఏట్లో వేసిన మేట మీద పుట్టిన నేల, ఊడిమూడిలంక, బూరుగులంక ఇలాంటి ఊళ్లు. లంక మట్టి కూరగాయలకీ అరటికీ బంగారమే, కాదనను, కానీ ఆ మట్టి తెచ్చిన ఏరే మళ్లీ పట్టుకుపోతుంది. లంకోళ్లు "ఈ ఏడు కోత ఎక్కువుందండి" అంటే వరికోత అనుకునేరు, గట్టు కోసుకుపోవడం గురించి చెప్తున్నారు. ఒక్క మాటలోనే పంటా పోవడమూ రెండూ ఉన్నాయి, నాకైతే ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

అయితే పేరొక్కటీ నమ్మేయకూడదు. దిబ్బ అని పేరుండి, మట్టంతా ఇటుక బట్టీలకి తోలేసి చదునైపోయిన చోట్లు బోలెడు. చెరువు అనే మాట చూడండి, మా చిన్నప్పుడు చెరువంటే మంచినీళ్ల చెరువే, ఇప్పుడు "మా చెరువు దగ్గర" అంటే రొయ్యలదా చేపలదా అని అడగాల్సొస్తోంది. మీ స్థలం పక్కన అలాంటి చెరువు ఉంటే ఊట దిగుతుంది, అది పేరులో ఉండదు, కళ్లతో చూసుకోవాలి.

రెండో పని కాలువలు చూడటం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు, ఆ తర్వాత ఈ నేల లెక్కే మారిపోయింది. నీళ్లు పల్లానికి పారాలి కాబట్టి సాగునీటి కాలువని మెరక మీద నుంచి తీసుకెళ్తారు, మురుగు కాలువ పల్లంలో పోతుంది. అంటే మీ వీధి చివర ఉన్నది ఏదో తెలిస్తే సగం జాతకం తెలిసినట్టే. కాలువ మీద పడవలు దాటడానికి కట్టిన తలుపుల్ని లాకులంటాం, ఆ మాట ఇంగ్లీషోళ్ల దగ్గర తీసుకున్నాం, వాళ్లు అనికట్ అనే మాట దక్షిణాది నుంచి పట్టుకెళ్లారు, చెల్లుకు చెల్లు.

మూడోది, నాకు బాగా నచ్చిన పని, పాత ఇళ్ల దగ్గరికి వెళ్లి "86 వరదకి ఎందాకా వచ్చిందండీ" అని అడగడం, అంటే 1986లో గోదారికి వచ్చిన పెద్ద వరద. ఏట్లో నీళ్లెంతున్నాయో ధవళేశ్వరంలో చెప్తారు, 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, 2022 జూలైలో ఆ మూడోది కూడా దాటేసింది. కానీ అడుగుల లెక్క మీ గుమ్మానికి పనికిరాదు కదా. ఒకావిడ నా ప్రశ్న పూర్తవకుండానే లేచి వెళ్లి తలుపు పక్క గోడ మీద అరచెయ్యి ఆనించింది, గొళ్లేనికి జానెడు పైన. "ఇదిగో, ఇక్కడికి. బియ్యం డబ్బాలు అటక మీద పెట్టాం." ఆ చెయ్యి ఎత్తుని టేపుతో కొలుచుకొచ్చా. దాన్ని రోడ్డు మట్టంతో పోల్చి, పునాది ఎంత లేపాలో మేస్త్రీతో మాట్లాడొచ్చు. పాత ఇంటి అరుగుకి మెట్లు కూడా లెక్కపెట్టండి, రెండు మెట్ల వీధికీ అయిదు మెట్ల వీధికీ తేడా ఊరికే రాదు.

మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేకుండా వదిలిన పాత పెంకుటిల్లు, దొరికితే లోపలికి పిలిచేదాకా నిలబడండి. నాలుగు వైపుల చూరు నీళ్లూ నడిమిట్లో పడి తూములోంచి బయటికి పోతాయి, గాలీ వెలుతురూ కూడా అక్కడి నుంచే. రాయి దొరకని ఒండ్రు నేల కదా, ఇటుక, గానుగ సున్నం, తాటి దూలాలు, పెంకులు, చుట్టుపక్కల దొరికినవాటితోనే కట్టారు. మా అమ్మమ్మ గదుల్ని పడమటిల్లు, వంటిల్లు, వసారా అనేది, ఏది ఎటుందో చీకట్లో కూడా చెప్పొచ్చు. మాకు ఇప్పుడు బెడ్రూమ్ వన్, బెడ్రూమ్ టూ. మండువా కట్టుకోమని చెప్పట్లేదండోయ్, దాని మరమ్మతు పగవాడిక్కూడా వద్దు, కానీ ఆ తూము ఎటు పెట్టారో చూడండి, ఆ వీధిలో నీళ్లు సహజంగా అటే పోతాయి. మీ డ్రైనేజీ దానికి ఎదురు పెడితే మా బాబాయి కథే.

స్థలానికి కనీసం రెండుసార్లు వెళ్లండి, వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేసినప్పుడు ఒకసారి, ఆగస్టులో రెండ్రోజులు గట్టి ముసురు పట్టాక ఇంకోసారి. రెండోసారి వెళ్లేటప్పుడు బూట్లు వేసుకోకండి. బాబాయి ఇప్పుడు పెరటికి ఇరవై ట్రాక్టర్ల మట్టి తోలించి మెరక చేశాడు, పక్కింటాయన నీళ్లన్నీ తనవైపు తోసేశావని మాట్లాడటం మానేశాడు.