పంటి బాధ: రేపటిదాకా ఆగొచ్చా?

పన్ను జివ్వుమంటోందనో, ఫిల్లింగ్ ఊడిందనో అయితే ఒకటి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. వాపు సంగతి వేరు. బుగ్గ వాచి, జ్వరం వస్తే అదే రోజు చూపించుకోవాలి. ఆ వాపు కంటి వైపో మెడకో పాకినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా అర్ధరాత్రయినా సరే నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే. నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకండి. లోపల నరం చచ్చిపోయినా నొప్పి పోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం ఉంటుంది.

దెబ్బ తగిలి పన్ను మొత్తం ఊడితే (పాలపన్ను కాకపోతేనే) వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే కాసిన్ని పాలతో కడిగి, అదే గుంటలో పెట్టేయండి. కుదరకపోతే పాలలో వేసి తీసుకెళ్లండి. అరగంటలో డెంటిస్టు దగ్గరికి చేరితే పన్ను దక్కే అవకాశం ఎక్కువ.