ఫొటో క్లబ్ పాఠాలు – 6: ఈసారి పాడైన ఫొటోలే తీసుకురండి

పోయిన పాఠంలో షట్టర్ స్పీడు (షట్టర్ తెరిచుండే సమయం), అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే కంత, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కంత పెద్దది), వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓలలో ఒకదాన్ని కదిపితే మిగతావాటిని ఎలా కదపాల్సొస్తుందో చూశాం. ఒకే వస్తువుని మూడు రకాల సెట్టింగులతో తీసి పక్కపక్కన పెట్టి చూడమని పని కూడా ఇచ్చాను. అది చేయనివాళ్లు ముందు దాన్ని ముగించుకుని రండి, లేకపోతే ఈ పాఠంలో అంకె కనబడిన ప్రతిచోటా తల గోక్కోవాల్సొస్తుంది.

ఈ నెల మా క్లబ్ సమావేశానికి ఒక్కటే షరతు పెట్టాం. ఒక్కొక్కరూ మూడు ఫొటోలు తేవాలి, మూడూ పాడైనవే అయ్యుండాలి. మామూలుగా అయితే ఏమవుతుందో మీకు తెలుసు. అందరూ తమ దగ్గరున్న మంచివి ఏరి తెరమీద వేస్తారు, మిగతావాళ్లం "బాగుంది", "లైటింగ్ అదిరింది" అంటాం, చప్పట్లు కొడతాం, ఇళ్లకు పోతాం. ఏడాదంతా ఇలాగే గడిచినా మొదటి నెలలో చేసిన తప్పే పన్నెండో నెలలోనూ చేస్తుంటాం, ఎందుకంటే తప్పు జరిగిన ఫొటో ఎవరూ చూడకుండానే డిలీట్ అయిపోయింది కదా.

మొదట్లో కాస్త మొహమాటపడ్డారు. ఒకరు మొదలుపెట్టాక మాత్రం పోటీలు పడి చూపించారు. తెచ్చినవాటిలో సగానికి పైగా ఒకే ఫిర్యాదు: "మసగ్గా వచ్చిందండీ." ఎందుకొచ్చింది అంటే "చెయ్యి కదిలుంటుంది", "లెన్స్ మంచిది కాదేమో", "కెమెరా పాతదైపోయింది" అని తలా ఒక మాట. ఊహించడమే గానీ ఫొటోలో వెతికినవాళ్లు లేరు. ఈ పాఠంలో నేర్చుకునేది సరిగ్గా ఆ వెతకడమే: మసక ఫొటోని చూసి, సెట్టింగులు చూడకముందే, కారణం చెప్పగలగడం.

దీనికి ఒరిజినల్ ఫైల్ కావాలి. మెసేజ్‌లో పంపుకున్న కాపీ పనికిరాదు, అది పంపేటప్పుడే కుదించుకుపోయి ఉంటుంది. కంప్యూటర్‌లో తెరిచి 100 శాతానికి పెంచండి. కెమెరా వెనకున్న చిన్న తెరమీద అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి, దాన్ని నమ్మి మోసపోనివాళ్లు మా క్లబ్‌లో ఒక్కరూ లేరు. పెంచాక వెంటనే మొహం దగ్గరికి పోకుండా ఫ్రేమంతా మూల నుంచి మూలకు తిప్పి చూస్తూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఎక్కడైనా, గోరంత చోటైనా, షార్ప్‌గా ఉందా?

మొదటి ఫొటో తెచ్చింది రిటైరైన ఒక పెద్దాయన. చీకటి పడుతున్న వేళ వీధి దీపాలు. ఎక్కడ చూసినా షార్ప్ అన్నది లేదు. కానీ దీపాల్ని పెంచి చూస్తే అసలు సంగతి బయటపడింది: ప్రతి దీపం చుక్కలా కాకుండా చిన్న తోక ఉన్న కామా గుర్తులా ఉంది, అన్ని కామాలూ ఒకే సైజు, ఒకే వంపు. ఇది చెయ్యి చేసిన సంతకం. షట్టర్ తెరిచున్నంతసేపూ కెమెరా ఏ దారిలో ఊగిందో ఆ దారినే ప్రతి వెలుగుచుక్కా గీసిపెట్టింది. అదే ఫోకస్ తప్పి ఉంటే దీపాలు గీతల్లా కాకుండా గుండ్రటి బిళ్లల్లా ఉబ్బేవి. గీత అయితే కదలిక, బిళ్ల అయితే ఫోకస్. దీపాలు లేని ఫొటోలో నీటి మెరుపో, కళ్లజోడు మీద తళుకో, కంటిపాపలో వెలుగుచుక్కో దొరుకుతుంది, దాన్ని చూడండి.

తర్వాత సెట్టింగులు చూస్తే 85 ఎంఎం లెన్స్, 1/15 సెకను, ఐఎస్‌ఓ 200. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడు కనీసం ఒకటి బై ఫోకల్ లెంగ్త్ ఉండాలని పాత లెక్క ఒకటుంది, అంటే 50 ఎంఎంకి 1/50, 200కి 1/200. సెన్సర్ చిన్నదైతే ఆ మేరకు పెంచుకోవాలి, ఈయనది 1.5 రెట్ల క్రాప్ ఉన్న కెమెరా (దాని సెన్సర్ పాత 35 ఎంఎం ఫిల్ము సైజుండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కన్నా అన్ని రెట్లు చిన్నది) కాబట్టి 85ని 1.5తో గుణిస్తే సుమారు 1/125 కావాలి. 1/15 నుంచి 1/125కి మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపో సగమో అవుతుంది). ఐఎస్‌ఓ 200ని 1600 చేసి ఉంటే సరిపోయేది! "1600 పెడితే గింజలు గింజలుగా వస్తుందని భయపడ్డానండీ" అన్నారాయన. గింజలొస్తే రానివ్వండి సార్, వాటిని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కొంతైనా తగ్గించుకోవచ్చు, ఊగిపోయిన ఫొటోని నిలబెట్టడం మాత్రం చాలా కష్టం. ఈ ఒక్క భయం వల్ల పాడైనన్ని ఫొటోలు మరి దేనివల్లా పాడవవని నా అభిప్రాయం.

ఇందులో ఒక మెలిక ఉంది. బటన్‌ని గట్టిగా నొక్కితే కెమెరా కుడివైపుకి కాస్త ఒరుగుతుంది, చక్రంలా తిరుగుతుందన్నమాట. అప్పుడు ఫ్రేము మధ్యలో బాగానే ఉండి మూలలకు పోయేకొద్దీ చెదిరిపోతుంది. దాన్ని చూసి లెన్స్ మూలలు బాగాలేవని దుకాణానికి పరిగెత్తకండి. బటన్‌ని పొడవకుండా మెల్లగా పిండినట్టు నొక్కండి, మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. ట్రైపాడ్ మీద పెట్టినా వేలితో నొక్కితే కదులుతుంది, 2 సెకన్ల టైమర్ పెట్టి చేతులు తీసేయండి.

రెండో ఫొటో, గెంతుతున్న పిల్లాడు. వెనకాల చెట్టు ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, పిల్లాడి చేతులూ కాళ్లూ మాత్రం పొగలా ఉన్నాయి. కెమెరా కదిలి ఉంటే ఆకులు కూడా చెదరాలి కదా, కాబట్టి కెమెరాది తప్పు కాదు, కదిలింది పిల్లాడు. తీసినమ్మాయి ఒప్పుకోలేదు. "లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదండీ, అందుకే 1/60 పెట్టా." చాలామంది ఇక్కడే జారిపడతారు. స్టెబిలైజేషన్ పట్టుకునేది మీ చేతిని, ఎదుటివాడి కాలిని కాదు. మీ వణుకు వరకు అది మూడు నాలుగు స్టాపులు సాయం చేస్తుంది, గెంతే పిల్లాడికి ఒక్క స్టాపు కూడా చేయదు. నడిచే మనిషికి 1/250, పరిగెత్తే పిల్లలకు 1/500, ఎగిరే పక్షికి 1/1000 పైన, ఇలా మొదలుపెట్టి ఫలితం చూసి మార్చుకోండి. మనవైపు వచ్చేవాడికన్నా మన ముందు నుంచి అడ్డంగా పోయేవాడికి ఎక్కువ స్పీడు కావాలి, దగ్గరున్నవాడికి ఇంకా ఎక్కువ. వెలుతురు చాలక 1/500 పెట్టలేకపోతే గెంతు పైకి చేరి కిందికి తిరగబోయే ఆ క్షణం కోసం కాచుకోండి, అక్కడ మనిషి ఒక్క లిప్త నిలబడ్డట్టే ఉంటాడు, 1/250తో కూడా పట్టేయొచ్చు.

ఫోన్‌తో రాత్రి తీసినవాటిలో ఇదే జబ్బు వేరే రూపంలో కనిపిస్తుంది. నైట్ మోడ్‌లో ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది, మధ్యలో ఎవరైనా కదిలితే పొగకి బదులు ఒకే చేతికి రెండు అంచులు గానీ, సగం పారదర్శకంగా ఉన్న మనిషి గానీ వస్తారు.

కదిలేవి మరీ ఎక్కువసేపు ఎక్స్‌పోజ్ అయితే పొగ కూడా మిగలదు. 1838లో ఫొటోగ్రఫీ తొలి ఆవిష్కర్తల్లో ఒకడైన డాగెర్ పారిస్‌లో కిటికీలోంచి ఒక పెద్ద వీధిని తీశాడు, ఎక్స్‌పోజర్ కొన్ని నిమిషాలు. బండ్లూ జనం తిరిగే వీధే గానీ ప్లేటు మీద దాదాపు ఖాళీగా వచ్చింది, ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. ఈ కథ చెప్పగానే ఒకాయన "అయితే జనం లేకుండా కట్టడాల్ని తీయాలంటే అలా చేస్తే చాలన్నమాట" అన్నాడు. చాలు. ముదురు ఎన్‌డీ ఫిల్టరు (వెలుతురు తగ్గించడానికి లెన్సు ముందు పెట్టే నల్లటి అద్దం), ట్రైపాడ్ ఉంటే పగలు కూడా చేయొచ్చు, దానికి వేరే పాఠం ఉంది.

అన్నిటికన్నా ఎక్కువసేపు తగువులాడుకుంది మూడోదాని మీద. దగ్గరగా తీసిన మొహం, 50 ఎంఎం, ఎఫ్/1.8, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, షట్టర్ 1/400. చెవి, చెవి పక్క వెంట్రుకలు అద్భుతంగా ఉన్నాయి, కళ్లు మెత్తగా ఉన్నాయి. ఎక్కడా గీత లేదు, కాబట్టి కదలిక కాదు. షార్ప్‌గా ఉన్న చోటంటూ ఒకటుంది, అది కంటికన్నా వెనక ఉంది, కాబట్టి ఫోకస్ వెనక్కి పోయింది. ఇంతవరకు అందరం ఒప్పుకున్నాం. తీసినాయన మాత్రం "కంటి మీదే ఫోకస్ పెట్టాను, ఒట్టు" అంటాడు.

ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఫ్రేము మధ్యలో ఉండే ఫోకస్ పాయింటుతో కంటి మీద ఫోకస్ పట్టి, బటన్ సగం నొక్కి ఉంచి, కెమెరాని పక్కకి తిప్పి ఫ్రేము సర్దుకున్నాడు. అందరం చేసే పనే. ఇప్పుడు లెక్క చూడండి. మీటరు దూరంలో ఎఫ్/1.8 దగ్గర షార్ప్‌గా ఉండే లోతు మొత్తం కలిపి సుమారు 4 సెంటీమీటర్లు, అంటే కంటికి ముందు రెండు, వెనక రెండు. కంటికీ చెవికీ మధ్య దూరమే అంతకన్నా ఎక్కువ. ఫోకస్ పట్టేది ఒక చుక్కని అనుకుంటాం గానీ నిజానికి అది లెన్సుకి ఎదురుగా నిలబెట్టిన అద్దం పలక లాంటిది, కెమెరా తిరిగితే పలక కూడా తిరుగుతుంది. 15 డిగ్రీలు తిప్పితే మీటరు దూరంలో ఆ పలక కన్నుకి 3 సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. ఉన్నదే రెండు! ఎఫ్/8లో తీసి ఉంటే లోతు 18 సెంటీమీటర్ల దాకా ఉండేది, ఈ పొరపాటు ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఈయన కెమెరాతోపాటు వచ్చిన, కంత అంత పెద్దగా తెరుచుకోని పాత కిట్ లెన్స్‌తో తీసినంతకాలం బాగా వచ్చి, డబ్బు పెట్టి మంచి లెన్స్ కొన్నాక పాడవడం మొదలైంది. పాపం లెన్స్‌ని తిట్టుకుంటున్నాడు.

మందు: తిప్పకండి, ఫోకస్ పాయింటునే కంటి మీదకి జరపండి, కంటిని గుర్తుపట్టే సౌకర్యం ఉంటే వాడుకోండి. మీరు నిలబడి తీస్తుంటే ఊపిరి తీసుకున్నప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఒకటి రెండు సెంటీమీటర్లు ఊగుతారు, ఎదుటివాళ్లూ ఊగుతారు. అందుకని ఫోకస్‌ని కంటిన్యువస్‌లో (దూరం మారేకొద్దీ ఫోకస్ తనే సర్దుకునేలా) పెట్టి రెండు మూడు ఫ్రేములు వరసగా తీయండి. మొహాలకు ఎఫ్/1.8 ఎందుకు, ఎఫ్/4 పెట్టినా వెనక మెత్తగానే వస్తుంది, కన్ను దక్కుతుంది.

నా వంతు వచ్చేసరికి నేనూ ఒకటి వేశాను. షార్ప్ ఎక్కడా లేదు, గీతలు లేవు, బిళ్లలు లేవు. నలుపు నల్లగా లేదు, వెలుగున్న చోటల్లా చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి మెరుపు. పది నిమిషాలు తన్నుకున్నారు. ఒక పొద్దుటి ఫొటో నడకంతా ఫోన్‌తో తీశాను, ఒక్కటీ పనికిరాలేదు, కారణం లెన్స్ మీద నా బొటనవేలి జిడ్డు. ముందు ఊది దుమ్ము పోగొట్టి, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో కాదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. అంతా షార్ప్‌గా ఉండాలని ఎఫ్/22 పెడితే కాంతి ఆ చిన్న కంతలో వంగి చెదిరి ఫ్రేమంతా కాస్త మెత్తబడుతుంది. ఎండలో పెద్ద టెలీ లెన్స్‌తో (దూరంగా ఉన్నవి దగ్గరగా చూపేది) దూరంగా ఉన్నవాటిని తీస్తే అంచులు అలల్లా మెలికలు తిరుగుతాయి, అది వేడిగాలి, దానికి ఏ సెట్టింగూ లేదు, దగ్గరికి వెళ్లండి లేదా పొద్దున్నే తీయండి. ఒకే ఫొటోలో రెండు జబ్బులూ ఉండొచ్చు, ఫోకస్ తప్పి, చెయ్యి కూడా కదిలితే దీపాలు సాగదీసిన బిళ్లల్లా ఉంటాయి.

మీ క్లబ్‌లో ఇలాంటి సాయంత్రం పెట్టుకుంటే రెండు నియమాలు తప్పకుండా పెట్టండి. ఫొటో తీసినవాళ్లు అందరూ చెప్పేదాకా నోరు విప్పకూడదు, సెట్టింగులు చివర్లోనే చూపించాలి. ముందే 1/15 అని తెలిస్తే కళ్లు వెతకడం మానేస్తాయి. ఒక్కరే నేర్చుకుంటున్నవాళ్లు పాత ఫోల్డర్లలోంచి పది మసక ఫొటోలు తీసి, ఒక్కోదానికి కారణం కాగితం మీద రాసుకుని, తర్వాతే వివరాలు తెరిచి సరిచూసుకోండి.

వచ్చే పాఠానికి పని: చీకటిగదిలో ఒక చిన్న దీపం పెట్టి అది నిలువునా గీతగా వచ్చే ఫొటో ఒకటి, గుండ్రటి బిళ్లగా వచ్చేది ఒకటి, సాగిన బిళ్లగా వచ్చేది ఒకటి కావాలని పాడుచేసి తీయండి. తర్వాత ఒక స్కేలుని బల్లమీద ఏటవాలుగా పెట్టి మధ్య అంకె మీద ఫోకస్ చేసి ఎఫ్/2 లేదా మీ లెన్స్ ఎంత తెరుచుకుంటే అంతలో ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీసి, ఎన్ని సెంటీమీటర్లు చదవడానికి వస్తున్నాయో రాసుకోండి. డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాడేవాళ్లకి ప్రతిసారీ మధ్య అంకె కాకుండా దాని ముందుదో వెనకదో షార్ప్‌గా వస్తుంటే ఆ ఫొటోలు దాచండి, కెమెరాలో దాన్ని సరిచేసే మెనూ ఎక్కడుంటుందో తర్వాత చూద్దాం.

ఏడో పాఠం పానింగ్. పరిగెత్తే సైకిల్‌ని 1/30లో తీసి మనిషిని నిలబెట్టి రోడ్డుని గీతలు చేయడం. ట్రైపాడ్ ఇంట్లో వదిలేసి రండి, దాంతో పనిలేదు.