ఘాట్ ఎక్కే ముందు ఇంజిన్ లైటు చూసుకోండి

కోరాపుట్, జయపురం నుంచి సాలూరు మీదుగా విజయనగరం, విశాఖ వెళ్లే మనవాళ్లకు ఒక మాట. మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ గుర్తు వస్తే టెన్షన్ పడకుండా, అది నిలకడగా వెలుగుతోందా, కొట్టుకుంటోందా చూడండి. నిలకడగా ఉండి బండి మామూలుగానే నడుస్తుంటే మెల్లగా ఊరు చేరి చూపించుకోవచ్చు. పెట్రోల్ బండిలో లైటు కొట్టుకుంటుంటే మాత్రం మిస్‌ఫైర్ అవుతున్నట్టే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా కాలడం లేదన్నమాట. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది, అది చాలా ఖరీదైన సామాను. ఆ స్థితిలో దయచేసి సుంకి ఘాట్ ఎక్కించకండి. ఎర్రటి ఆయిల్ గుర్తో, టెంపరేచర్ గుర్తో వస్తే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి.

తాళం తిప్పగానే ఈ ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి. అసలు వెలగకపోతే ఎవరో పీకేసి ఉండొచ్చు.

చాలా కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్, అంటే బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే లోపం ఏమిటో చెప్పే కోడ్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్. కోడ్ రాసుకునేదాకా బ్యాటరీ వైరు తీయనివ్వకండి, తీస్తే అది చెరిగిపోవచ్చు.