రిపీటర్ తన చెవులు తానే మూసుకుంటుంటే: డీసెన్స్, పీఏ ఆసిలేషన్ పట్టుకునే పద్ధతి

ఒక ఫ్రీక్వెన్సీలో వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని విని, అదే సమయంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో బలంగా మళ్లీ పంపే రేడియో స్టేషనే రిపీటర్. అది పాడైతే ఇలా ఉంటుంది: దగ్గరివాళ్లు బాగానే వస్తారు. దూరం నుంచి హ్యాండీతో (చేతి రేడియోతో) పిలిచేవాళ్లే ముక్కలు ముక్కలుగా వినిపిస్తారు. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రిసీవర్ శబ్దాన్ని మూసి ఉంచే గేటు) తెరుచుకుంటుంది, ట్రాన్స్‌మిటర్ లేస్తుంది, అది లేచీ లేవగానే రిసీవర్‌కి చెవుడు వస్తుంది. క్యారియర్ (ట్రాన్స్‌మిటర్ పంపే మూల తరంగం) పడిపోయాక మళ్లీ అదే వరస. దీన్నే డీసెన్స్ అంటాం. ఎవరూ మాట్లాడకపోయినా రిపీటర్ హోరుమంటూ లేచే ఉంటే, ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే చెత్త రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీద పడి స్క్వెల్చ్‌ని తెరిచి పట్టుకుంటోందన్నమాట. సీటీసీఎస్ఎస్ టోన్ (అది ఉన్న సిగ్నల్‌కే రిసీవర్ తెరుచుకునేలా చేసే స్వరం) పెడితే ఈ రెండో లక్షణం మాయమవుతుంది కానీ జబ్బు అలాగే ఉంటుంది. అందుకే పరీక్ష మొదలుపెట్టే ముందు టోన్ తీసేయండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి: డుప్లెక్సర్ (ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండూ ఒకే యాంటెన్నాని వాడుకునేలా వాటిని వేరుచేసే ఫిల్టర్) స్క్రూల జోలికి ముందే వెళ్లొద్దు. తప్పు ఎక్కడుందో తేలకుండా వాటిని తిప్పితే, ఉన్న ఒక్క తప్పుకి ఇంకోటి తోడవుతుంది.

ముందు కొలత

2 మీటర్ల రిపీటర్‌నే తీసుకుందాం. ఇన్‌పుట్ 145.025, అవుట్‌పుట్ 145.625 మెగాహెర్ట్‌జ్, పవర్ 25 వాట్లు. రెండింటి మధ్య దూరం 600 కిలోహెర్ట్‌జ్ మాత్రమే, కష్టమంతా అక్కడే ఉంది.

డుప్లెక్సర్ నుంచి రిసీవర్‌కి వెళ్లే కేబుల్‌లో 20 లేదా 30 డీబీ డైరెక్షనల్ కప్లర్ (లైన్‌లోకి కొద్దిపాటి సిగ్నల్‌ని ఎక్కించే, లేదా లైన్ నుంచి తీసే పరికరం) పెట్టండి. సిగ్నల్ జనరేటర్ నుంచి ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీని దాని ద్వారా రిసీవర్ వైపు పంపండి. యాంటెన్నా పోర్ట్‌కి డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులు పవర్‌ని మింగేసే 50 ఓమ్స్ లోడ్) తగిలించండి. ట్రాన్స్‌మిటర్ ఆపి, 12 డీబీ సినాడ్ (నాయిజ్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో చెప్పే కొలత) వచ్చేదాకా జనరేటర్ తగ్గించి ఆ లెవెల్ రాసుకోండి. సినాడ్ మీటర్ లేకపోతే మాట వెనక హిస్ స్పష్టంగా వినిపించే చోట ఆపినా చాలు. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ లేపండి. హిస్ పెరిగితే, మళ్లీ మొదటి స్థితికి వచ్చేదాకా జనరేటర్ పెంచండి. ఎన్ని డీబీలు పెంచారో అదే డీసెన్స్. 1 డీబీ దాటితే పని ఉన్నట్టే.

తర్వాత డమ్మీ లోడ్ తీసి యాంటెన్నా పెట్టి ఇదంతా మళ్లీ చేయండి. ట్రాన్స్‌మిటర్ ఆపినప్పటి లెవెల్ కూడా కొత్తగా తీసుకోవాలి, ఎందుకంటే కొండ మీది సైట్ నాయిజ్ దాన్ని మార్చేస్తుంది. డమ్మీ లోడ్ మీద శుభ్రంగా ఉండి యాంటెన్నా మీదే చెడితే తప్పు ఫీడర్‌లోనో, టవర్ మీదో ఉంది. రెండింటిలోనూ చెడితే గదిలోనే వెతకాలి.

నాయిజా, ఓవర్‌లోడా?

కప్లర్‌కి, రిసీవర్‌కి మధ్య 6 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్) పెట్టి డీసెన్స్ మళ్లీ కొలవండి. అది 6 డీబీ కంటే బాగా ఎక్కువగా తగ్గితే, సొంత క్యారియర్ బలానికి రిసీవర్ ఫ్రంట్ ఎండ్ లొంగిపోతోంది. అప్పుడు డుప్లెక్సర్ రిసీవర్ వైపు క్యావిటీల (ఫిల్టర్ డబ్బాల) నాచ్, అంటే అవి కోసేసే ఫ్రీక్వెన్సీ, 145.625 మీద ఉందో లేదో చూడాలి. రిసీవర్ ముందు ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) ఉంటే తీసి చూడాలి. ఉంచుకోవాలనుకుంటే దాని ముందు బ్యాండ్‌పాస్ క్యావిటీ తప్పదు.

ప్యాడ్ పెట్టినా, ట్రాన్స్‌మిటర్ లేచి ఉన్నప్పుడు కావలసిన జనరేటర్ లెవెల్ దాదాపు కదలకపోతే అది ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీదే పడుతున్న ట్రాన్స్‌మిటర్ నాయిజ్. సిగ్నల్, నాయిజ్ రెండూ కలిసే 6 డీబీ తగ్గాయి కాబట్టి నిష్పత్తి మారలేదు. రిసీవర్‌కి ఎన్ని ఫిల్టర్లు పెట్టినా దీన్ని ఆపలేవు. ట్రాన్స్‌మిటర్ వైపు క్యావిటీల్లోనే 145.025 దగ్గర నాచ్ పడాలి. ఎంత లోతు కావాలో లెక్క చూడండి. 25 వాట్లంటే +44 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ). రిసీవర్ బ్యాండ్‌విడ్త్‌లో పడే నాయిజ్ క్యారియర్ కంటే 95 డీబీ కింద ఉందనుకుంటే అది −51 డీబీఎం. 6 డీబీ నాయిజ్ ఫిగర్ ఉన్న రిసీవర్ సొంత నాయిజ్ 12 కిలోహెర్ట్‌జ్‌లో సుమారు −127 డీబీఎం. డీసెన్స్ 1 డీబీ లోపు ఉండాలంటే బయటి నాయిజ్ ఇంకో 6 డీబీ కిందికి, అంటే −133కి దిగాలి. కాబట్టి 82 డీబీ కావాలి.

ఫిల్టర్లని కొలిచే మామూలు నానోవీఎన్‌ఏ చూడగలిగేది 70 డీబీ దాకానే. దానితో పాస్‌నీ, నాచ్ స్థానాన్నీ పెట్టుకోండి, నాచ్ అడుగు లోతు మాత్రం జనరేటర్, సున్నితమైన రిసీవర్ పెట్టి పట్టండి. గది మామూలుగా ఉండే వేడిలో ట్యూన్ చేయడం మంచిది. క్యావిటీల మధ్య కేబుళ్ల పొడవు లెక్క ప్రకారం కోసింది, మార్చకండి.

పీఏ ఆసిలేషన్

పీఏ అంటే ట్రాన్స్‌మిటర్ చివరి పవర్ యాంప్లిఫయర్. అది తనంతట తానే సిగ్నల్ పుట్టించడమే ఆసిలేషన్. ఇది అన్నిటికంటే మోసపుచ్చేది. బెంచ్ మీద డమ్మీ లోడ్‌తో పీఏ చక్కగా పనిచేస్తుంది, డుప్లెక్సర్‌కి కలపగానే పాడవుతుంది. కారణం: డుప్లెక్సర్ 145.625 దగ్గరే 50 ఓమ్స్. కాస్త పక్కకి జరిగితే దాదాపు మొత్తం పవర్ వెనక్కి కొడుతుంది. ఆ పక్క ఫ్రీక్వెన్సీల్లో ట్రాన్సిస్టర్‌కి గెయిన్ ఉంటే ఆసిలేట్ అవుతుంది.

డ్రైవ్ (పీఏకి ఇచ్చే ఇన్‌పుట్ పవర్) మెల్లగా తగ్గించండి. పవర్, కరెంట్ నున్నగా తగ్గాలి. ఎక్కడైనా ఒక్కసారిగా ఎగిరినా, పడినా అనుమానించాలి. డ్రైవ్ పూర్తిగా తీసేశాక కూడా పవర్ మీటర్ ఏదైనా చూపిస్తే సందేహమే లేదు. సప్లైని 11 నుంచి 14 వోల్టుల దాకా మార్చి కూడా చూడండి.

స్పెక్ట్రమ్ చూడాలంటే పీఏకి, డుప్లెక్సర్‌కి మధ్య 40 డీబీ కప్లర్, దాని వెనక 20 డీబీ ప్యాడ్, ఆపైన చిన్న స్పెక్ట్రమ్ అనలైజర్ అయిన టైనీఎస్‌ఏ. దానికి చేరేది −16 డీబీఎం. నేరుగా అటెన్యుయేటర్‌నే లోడ్‌గా పెడితే మళ్లీ శుభ్రమైన 50 ఓమ్స్ దొరికి తప్పు దాక్కుంటుంది. క్యారియర్‌కి రెండు పక్కలా సమాన దూరాల్లో ముళ్లు కనిపిస్తే, సప్లై లైన్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీ ఆసిలేషన్. సగం ఫ్రీక్వెన్సీ దగ్గర, ఇక్కడ 72.8 మెగాహెర్ట్‌జ్ చుట్టూ, ఏదైనా ఉంటే అదీ ఆసిలేషనే.

మందు సప్లై నుంచి మొదలుపెట్టండి. ఆర్ఏ60హెచ్1317ఎం లాంటి మాడ్యూల్ అయితే ప్రతి బయాస్ లైన్‌కీ పిన్ పక్కనే 4,700 పికోఫ్యారడ్ చిప్ కెపాసిటర్, తోడుగా కనీసం 22 మైక్రోఫ్యారడ్ ఎలక్ట్రోలిటిక్ ఉండాలి. వాటి గ్రౌండ్ మాడ్యూల్ ఒంటికి అతి దగ్గర దారిలో చేరాలి. రెండు సెంటీమీటర్ల తీగతో గ్రౌండ్ చేసిన కెపాసిటర్ వీహెచ్ఎఫ్‌లో ఇండక్టర్‌లా పనిచేస్తుంది. మాడ్యూల్ కింద స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

తర్వాత పీఏ, డుప్లెక్సర్ మధ్య కేబుల్‌కి 17 సెంటీమీటర్ల ముక్క కలిపి చూడండి. ఆర్‌జీ-214లో ఈ ఫ్రీక్వెన్సీకి అది వేవ్‌లెంగ్త్‌లో ఎనిమిదో వంతు. ఆసిలేషన్ పోయినా, చోటు మారినా రోగం ఏమిటో రూఢి అయినట్టే. కానీ దాన్నే చికిత్స అనుకోవద్దు, వేసవిలో మళ్లీ వస్తుంది. సరైన మందు ఐసోలేటర్. వెనక్కి వచ్చే పవర్‌ని దాని లోడ్ మింగేస్తుంది, పీఏకి ఎప్పుడూ 50 ఓమ్స్ కనిపిస్తుంది. దాని ఫెరైట్ హార్మోనిక్స్ పుట్టిస్తుంది కాబట్టి తర్వాత లో పాస్ ఫిల్టర్ పెట్టండి.

కేబుళ్లు, టవర్

రేకు, అల్లిక రెండూ ఉండే ఎల్‌ఎంఆర్-400 రకం కేబుల్ డుప్లెక్స్ పనికి వద్దు. ఆ రెండు లోహాల రాపిడిలోంచే నాయిజ్ పుడుతుంది. గదిలో ఆర్‌జీ-214 లేదా ఆర్‌జీ-400, టవర్‌కి అరంగుళం హార్డ్‌లైన్, అంతటా ఎన్ టైప్ కనెక్టర్లు వాడండి. ట్రాన్స్‌మిటర్ లేపి ఉంచి ఒక్కో కనెక్టర్‌ని చేత్తో కదుపుతూ రిసీవర్ వినండి. కరకరమంటే దొరికినట్టే.

గాలి వీచినప్పుడే కరకర వస్తే తుప్పు పట్టిన క్లాంప్, లైట్నింగ్ అరెస్టర్, ఫైబర్‌గ్లాస్ యాంటెన్నా లోపలి టంకం, ఈ వరసలో చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఉప్పు గాలి కనెక్టర్‌ని తొందరగా తినేస్తుంది. దాన్ని విప్పి లోపల పచ్చగా కనిపిస్తే తుడిచి బిగించడం దండగ, కోసి కొత్తది వేయండి. పైన సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్‌ని కింది నుంచి పైకి చుట్టి, కేబుల్ గదిలోకి దూరే ముందు కిందికి వంపు తిప్పితే నీళ్లు లోపలికి రావు.