టెక్సాస్‌లో అప్పులవాళ్ళు కేసేస్తే ఇల్లు, బంగారం, జీతం ఎలా కాపాడుకోవాలి?

లేఆఫ్ అయ్యి క్రెడిట్ కార్డులు కట్టలేక కోర్టు పేపర్లు ఇంటికొచ్చాయా? డాలస్, ఆస్టిన్ వైపు ఉంటే మరీ కంగారు పడకండి, ఈ విషయంలో టెక్సాస్ చట్టం అప్పు తీసుకున్నవాళ్ళ వైపే బాగా మొగ్గుతుంది.

ముందు ఆన్సర్, అంటే కేసుకి మీ రాతపూర్వక జవాబు, కోర్టులో ఫైల్ చేయండి. 20 వేల డాలర్ల లోపు కేసులు ఎక్కువగా చిన్న కేసులు చూసే జస్టిస్ కోర్టుకే వస్తాయి, అక్కడ పేపర్లు అందాక 14 రోజులే టైమ్, భయపడి కవర్ పక్కన పడేశారో అవతలోడికి డిఫాల్ట్ జడ్జిమెంట్ (మీరు జవాబివ్వలేదని వాళ్ళవైపే ఇచ్చే తీర్పు) పుణ్యానికి వచ్చేస్తుంది.

ఇంటి సంగతి. మీరు ఉంటున్న ఇల్లయితే టౌన్‌లో 10 ఎకరాల దాకా, రేటు ఎంతున్నా సరే, కార్డు కంపెనీ ముట్టుకోలేదు. మార్ట్‌గేజ్, ప్రాపర్టీ టాక్స్, హోమ్ ఈక్విటీ లోన్ (ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు) బకాయి పడితే మాత్రం ఇల్లు పోతుంది. రెంటుకిచ్చిన రెండో ఇంటికి ఈ రక్షణ లేదు. ఉంటున్న ఇంటికి ఈ రక్షణ కావాలంటే ఫీజు కట్టి రిజిస్టర్ చేయించుకోండని లెటర్లు వస్తుంటాయి, అక్కర్లేదు, అందులో కాపురం ఉంటే చాలు.

ఇక మనవాళ్ళకి అసలు పాయింట్ బంగారం. ఫ్యామిలీకి కార్లు, ఫర్నిచర్, నగలు అన్నీ కలిపి లక్ష డాలర్ల దాకా సేఫ్, సింగిల్ అయితే 50 వేలు, కానీ అందులో నగలు పావు వంతు మించకూడదు, అంటే ఫ్యామిలీకి 25 వేలే. ఇప్పటి రేటుకి పెళ్ళి హారం, వడ్డాణం, నాలుగు గాజులు వేస్తే దాటిపోతుంది, కాబట్టి తూకం వేయించి, ఫోటోలు తీసి లిస్టు రాసిపెట్టుకోండి. బావమరిది పేరున ఏదో ఒకటి రాసేద్దాంలే అనుకోకండి, అప్పు ఎగ్గొట్టడానికే రాశారని నాలుగేళ్ళ దాకా కోర్టులో తిరగదోడొచ్చు.

జీతంలోంచి కార్డు కంపెనీలు కోయించలేవు. అయితే అదే జీతం బ్యాంకులో పడ్డాక ఉత్త క్యాష్, జడ్జిమెంట్ ఉంటే అకౌంట్ ఫ్రీజ్ చేయిస్తారు. 401కె (ఉద్యోగం ద్వారా రిటైర్మెంట్‌కి దాచుకునే అకౌంట్) జోలికి రాలేరు, దాన్ని విరగ్గొట్టి కార్డులు కట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

బ్యాంక్‌రప్సీ (దివాలా) దాకా వెళ్తే కాలిఫోర్నియా నుంచి కొత్తగా దిగినవాళ్ళు తేదీలు చూసుకోవాలి. టెక్సాస్ రూల్స్ వాడుకోవాలంటే ఇక్కడ 730 రోజులు ఉండాలి, ఇల్లు 1215 రోజుల లోపు కొన్నదైతే 2025 ఏప్రిల్ నుంచి 2,14,000 డాలర్ల ఈక్విటీ (ఇంటి విలువలోంచి దానిమీది అప్పు తీసేస్తే మిగిలేది) వరకే కవర్ అవుతుంది, అందుకే ఫైల్ చేసేముందు లాయర్‌కి ఇల్లు కొన్న తేదీ, మూవ్ అయిన తేదీ రెండూ చెప్పండి.